ప్రమాదం ఎవరిది? అద్దె ఇంటి బీమాలో సత్యధర్మం

తెలుగు వ్యవహారంలో 'ప్రమాదం' అంటే అపాయం, లేదా అనుకోకుండా సంభవించిన దుర్ఘటన. సంస్కృతంలో ఆ పదానికి ముఖ్యార్థం ఏమరుపాటు, కర్తవ్యం పట్ల అనవధానం. కారణానికి పేరైన పదం కాలక్రమంలో ఫలితానికి పేరైంది. భాషలో ఇటువంటి అర్థవిపరిణామాలు సహజమే కాని, ఈ ఒక్క మార్పు వల్ల లోకానికి ఒక సౌకర్యం కలిగింది. 'ప్రమాదవశాత్తు జరిగింది' అన్న వాక్యంలో ఇక కర్త ఉండడు. ఇల్లు తగులబడింది, ఎవరూ తగులబెట్టలేదు. గొట్టం పొంగింది, ఎవరూ కుళాయి విప్పి మరచిపోలేదు. అద్దె ఇంటికి నష్టం వాటిల్లి, యజమాని బీమా దరఖాస్తు ముందు కూర్చున్నప్పుడు ఈ కర్తృలోపమే పెద్ద ప్రలోభమై నిలుస్తుంది.

ఒక దృష్టాంతాన్ని ఊహించవచ్చు. కార్తీకమాసం. పై అంతస్తులో అద్దెకున్న కుటుంబం గదిలోని చెక్క మందిరంలో దీపం వెలిగించి, తలుపు దగ్గరకు వేసి శివాలయానికి వెళ్ళింది. గాలికి పరదా దీపానికి తగిలింది. వారు తిరిగి వచ్చేసరికి మందిరం, కిటికీ చట్రాలు, పైకప్పు కింద వేయించిన పలకలు, విద్యుత్ తీగలు దగ్ధమయ్యాయి. ప్రాణహాని లేదు. యజమానికి గృహబీమా ఉంది, అద్దెదారుకు ఏ బీమా లేదు. అప్పుడు హితైషులు చెప్పే మొదటి మాట ఇది: "దీపం సంగతి ఎందుకండీ, షార్ట్ సర్క్యూట్ అని రాసేయండి. మీ డబ్బు మీకు వస్తుంది, పాపం వాళ్ళూ బయటపడతారు." ఈ సలహా దయ వేషం వేసుకుని వస్తుంది. అందుకే దీనిని విచారించవలసి ఉంది.

ముందుగా ఈ సలహా వ్యావహారికంగానే నిష్ప్రయోజనం. భారతదేశంలో 2021 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ప్రామాణిక గృహబీమా 'భారత్ గృహ రక్ష'. అగ్ని, పిడుగు, భూకంపం, తుపాను, వరద, అల్లర్లు, దుర్బుద్ధితో చేసిన విధ్వంసం, నీటితొట్లూ గొట్టాలూ పగిలి పొంగడం వంటి వాటి వల్ల గృహానికి కలిగే నష్టం దాని పరిధిలోనివి. బీమా తీసుకున్నవాడు బుద్ధిపూర్వకంగా చేసినది, లేదా అతని అనుమతితో ఇతరులు చేసినది మినహాయింపు. అద్దెదారు దీపం పెట్టి ఏమరడం ఆ మినహాయింపు కిందికి రాదు. అంటే నిజం వ్రాసినంత మాత్రాన యజమాని పరిహారానికి భంగం లేదు. అబద్ధం వ్రాస్తే మాత్రం ఉంది. సర్వేయర్ వచ్చి తీగలను పరిశీలిస్తాడు, మంట ఎక్కడ మొదలై ఎటు ప్రాకిందో చూస్తాడు. క్లెయిము కపటమని తేలితే మొత్తం పరిహారాన్నే నిరాకరించే నిబంధన పాలసీలో ఉంది. న్యాయంగా రావలసిన ధనాన్ని అన్యాయపు మాటతో పోగొట్టుకోవడం ఏ వివేకమో ఆ హితైషులే చెప్పాలి.

అద్దె ఇంట్లో కనబడే ప్రతి లోపమూ బీమా నష్టం కాదన్నది కూడా యజమానులు గ్రహించాలి. గోడకు మేకుల రంధ్రాలు, నేలపై అరిగిన మెరుపు, నాలుగేళ్ళలో వెలిసిన రంగు కాలధర్మం. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 108వ విభాగం అద్దెదారు ఇంటిని తాను తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలని చెబుతూ, సహజమైన అరుగుదలనూ, నివారించరాని శక్తుల వల్ల కలిగిన మార్పులనూ మినహాయించింది. పాత నీటిమరకను నిన్నటి మంటలో కలిపి చూపించి, వంటగదికి కొత్త రంగు రాబట్టుకుందామనే ఆలోచన చాలామందికి దొంగతనంగా తోచదు. 'ఇన్నేళ్ళు ప్రీమియం కట్టాను గదా' అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. ప్రీమియం పొదుపు కాదు. అనేకులు తలా కొంత వేసి, ఆపన్నుడైనవాడికి ఇవ్వడానికి ఏర్పరచుకున్న ఉమ్మడి నిధిలో అది ఒకరి భాగం. ఆపద రానివాడు తన భాగం తిరిగి అడగకపోవడం వల్లనే ఆపద వచ్చినవాడికి అంత ధనం అందుతోంది.

ధర్మశాస్త్రాలలో దీనికి దగ్గరి ప్రకరణం సంభూయసముత్థానం, అంటే పలువురు కలిసి చేసే వ్యాపారం. ఆ ప్రకరణంలో యాజ్ఞవల్క్యుడు, ప్రమాదం వల్ల ఉమ్మడి సొత్తును నశింపజేసినవాడు దానిని తానే చెల్లించాలని, ఉపద్రవం నుండి దానిని కాపాడినవాడికి అందులో పదవ వంతు దక్కాలని నిర్ణయించాడు. అక్కడ ప్రమాదం అన్న పదానికి ఏమరుపాటనే అర్థం. కౌటిల్యుడు సైతం నగరంలో నిప్పు విషయమై ఈ భేదాన్ని స్పష్టంగా పాటించాడు. ఏమరుపాటు వల్ల మంట రేగితే దండన యాభైనాలుగు పణాలు. కావాలని నిప్పు పెట్టినవాడికి మరణదండన. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని క్రోధంలో ఉన్న యజమాని కూడా గుర్తుంచుకోవాలి. దీపం పెట్టి మరచిన కుటుంబాన్ని గృహదాహకులతో సమానంగా దూషించడం, వారి సామాను వీధిలో పెట్టించడం శాస్త్రసమ్మతం కాదు. అలాగని దోషమే లేదనడమూ కాదు. దీపారాధన పుణ్యమే. దానిని ఒంటరిగా వదిలి వెళ్ళడం ప్రమాదం. పుణ్యకర్మలో జరిగిన ఏమరుపాటు ఏమరుపాటు కాకుండా పోదు.

ఇప్పుడు అసలు చిక్కు. నిజం వ్రాస్తే యజమానికి నష్టం లేదు కాని, అద్దెదారుకు కలుగవచ్చు. పరిహారం చెల్లించిన తరువాత, నష్టకారకుడి నుండి ఆ ధనాన్ని రాబట్టుకునే యజమాని హక్కు బీమా సంస్థకు సంక్రమిస్తుంది. న్యాయపరిభాషలో దీనిని సబ్రోగేషన్ అంటారు. వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు, ఆదేశం స్థానివత్తుగా ప్రవర్తించినట్లే ఇక్కడ సంస్థ యజమాని స్థానంలో నిలుస్తుంది. కనుక 'దీపం' అని వ్రాసిన యజమాని ఒక చిన్న జీతగాని కుటుంబాన్ని వసూలు నోటీసుకు గురిచేస్తున్నాడేమో అన్న శంక నిజమైన శంక. దయగలవారిని అసత్యం వైపు నెట్టేది లోభం కంటే ఈ శంకే.

పూర్వపక్షీయులు రెండు ప్రమాణాలు చూపుతారు. మొదటిది కర్ణపర్వంలోని కౌశికుని కథ. పారిపోతున్న నిరపరాధుల జాడను దొంగలకు నిజంగా చెప్పి, ఆ సత్యం వల్లనే అతడు నరకానికి పోయాడు. రెండవది, తెలుగువారికి పోతన ద్వారా కంఠస్థమైన శుక్రనీతి. విత్తానికి, మానానికి భంగం వచ్చినప్పుడు బొంకవచ్చునని బలికి గురువు చేసిన ఉపదేశం.

మొదటిది ఇక్కడ అన్వయించదు. కౌశికుని అడిగినవారికి ఆ సమాచారంపై ఏ హక్కూ లేదు, వారి ఉద్దేశం హత్య. బీమా సంస్థకు నష్టకారణం తెలుసుకునే హక్కును పాలసీపై సంతకంతో యజమానే ఇచ్చాడు. ఇక్కడ ప్రాణసంకటమూ లేదు. ఇక రెండవది. శుక్రుని మాటను ఉదాహరించేవారు, బలి దానిని విన్న తరువాత ఏం చేశాడన్నది చెప్పకుండా ఆగిపోతారు. సర్వస్వం పోతుందని తెలిసి కూడా అతడు ఆ ఉపదేశాన్ని స్వీకరించలేదు, గురువు శపించినా సత్యం తప్పలేదు. భాగవతం కీర్తించింది బలిని. తైత్తిరీయ శిక్షావల్లిలో విద్య ముగించి ఇంటికి వెళ్ళే శిష్యునికి ఆచార్యుడు సత్యం పట్ల ఏమరవద్దని చెప్పినచోట శ్రుతి వాడిన ధాతువు 'ప్రమాద' శబ్దానికి మూలమైనదే. అద్దెదారు దీపం పట్ల ప్రమాదం చేశాడు. దానిని కప్పిపుచ్చడానికి యజమాని సత్యం పట్ల ప్రమాదం చేయడం పరిహారం కాజాలదు.

మరి దయకు చోటెక్కడ? చోటుంది, అది యజమాని సొత్తులో ఉంది. దానం స్వద్రవ్యం నుండి జరగాలన్నది శాస్త్రమర్యాద. బీమా సంస్థ నుండి పూర్తి పరిహారం పుచ్చుకుని, అద్దెదారుతో 'నీ మీద నాకు ఏ హక్కూ లేదు' అని పత్రం వ్రాసి ఇచ్చేవాడు తనది కానిదానిని దానం చేస్తున్నాడు. అది సంస్థకు సంక్రమించవలసిన హక్కును ముందే నశింపజేస్తుంది, క్లెయిమును కూడా చిక్కులో పడవేస్తుంది. నిజంగా క్షమించదలచినవాడికి వేరే దారులున్నాయి. నష్టం చిన్నదైతే క్లెయిము చేయకుండా తానే భరించవచ్చు. పెద్దదైతే ఉన్నది ఉన్నట్లు వ్రాసి పరిహారం పొంది, తరువాత అద్దెదారుపై వసూలు వస్తే తన ధనంతో సాయపడవచ్చు. అన్నిటికంటె మేలైనది ముందుచూపు. అద్దెదారుపై వసూలుకు పోకుండా ఉండే ఏర్పాటు సాధ్యమేమో పాలసీ తీసుకునేటప్పుడే సంస్థను అడిగి, అంగీకరిస్తే పత్రంలో వ్రాయించుకోవచ్చు. నిప్పు రేగక మునుపు చేసిన ఈ పని క్షమ. రేగిన తరువాత దొడ్డిదారిన చేసినది మోసం.

దయ చూపడం ఇష్టం లేనివారిలో దీనికి విపరీతమైన దోషం కనబడుతుంది. అద్దెదారు ముందుగా ఇచ్చిన అడ్వాన్సు నుండి మరమ్మతుల ఖర్చు పూర్తిగా విరుచుకుని, అదే ఖర్చును బీమా నుండి మళ్ళీ పొందడం. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు కనుక ఇది సులభం. 1880లో ఇంగ్లండు న్యాయస్థానం డారెల్, టిబిట్స్ వ్యాజ్యంలో దీనికి సన్నిహితమైన విషయాన్నే నిర్ణయించింది. పేలుడు వల్ల దెబ్బతిన్న ఇంటికి యజమాని బీమా సొమ్ము పుచ్చుకున్నాడు. ఒప్పందం ప్రకారం అద్దెదారు ఆ ఇంటిని బాగు చేయించాడు. ఒకే నష్టానికి రెండుసార్లు పూరణ కూడదని, సొమ్ము సంస్థకు తిరిగి చెల్లించాలని తీర్పు వచ్చింది. భారతదేశంలోనూ నష్టపూరణ బీమాకు ఇదే సూత్రం. అడ్వాన్సు నుండి ఎంత తీసుకున్నాడో యజమాని సంస్థకు చెప్పాలి, బీమా నుండి ఎంత వచ్చిందో అద్దెదారుకు చెప్పాలి. ఈ రెండు వాక్యాలు పలకడానికి ఇష్టపడని యజమాని, అద్దెదారు చేసిన ప్రమాదాన్ని గురించి మాట్లాడే యోగ్యత కోల్పోతాడు.

కౌటిల్యుని నగరవిధులలో మరొక అంశం ఉంది, దానిని యజమానులు అంతగా తలచుకోరు. ఇల్లు అంటుకున్నప్పుడు ఆర్పడానికి పరుగెత్తని గృహస్వామికి పన్నెండు పణాలు దండన, అదే ఇంట్లో అద్దెకున్నవాడికి ఆరు. ఎవరికి స్వామ్యం ఎక్కువో వారికి బాధ్యత రెట్టింపు. ఇల్లు అద్దెకిచ్చిన సంగతిని బీమా సంస్థకు దాచకుండా చెప్పడం, పాత తీగలు మార్పించడం, పూజగదిలో దీపం కింద రాతిపలక వేయించి పరదాను దూరంగా కట్టించడం, మెట్ల దగ్గర మంటలార్పే సిలిండరు ఉంచడం ఆ రెట్టింపు బాధ్యతలోని భాగాలే. ఇంకొకటి ఉంది. దృష్టాంతంలోని ఆ కుటుంబం బట్టలు, పిల్లల పుస్తకాలు, తరతరాల నుండి వచ్చిన వెండి కుందులు, ఏవీ యజమాని పాలసీలోకి రావు. అద్దెదారు తన సామానుకు మాత్రమే వేరుగా బీమా చేసుకునే వీలుంది. చాలామంది అద్దెదారులకు ఆ సంగతే తెలియదు. ఒప్పందపత్రం మీద సంతకాలు జరిగే రోజునే, కార్తీకం రాకముందే, ఆ మాట వారికి చెప్పవలసినవాడు యజమాని.