మూసే ముందు ఇసుక నింపమనండి

కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా చైర్‌పర్సన్ గారికి,

మా గోదావరిఖనిలో బొగ్గుబాయి మూయాలంటే తాళం వేసి పోతే కుదరదు. 2009 నుంచి బొగ్గు శాఖ మార్గదర్శకాల ప్రకారం మూసివేత ప్రణాళిక ముందే ఉండాలి, దానికయ్యే డబ్బు ఏటా ఎస్క్రో ఖాతాలో పడాలి. బొగ్గు తీసిన ఖాళీలో గోదావరి ఇసుక నింపడం ఇక్కడ పాత పద్ధతే.

జనం వాడే యాప్‌ను మూసేటప్పుడూ ఇలాంటి జాగ్రత్త ఉండాలి. వీడియో కాల్ యాప్ స్కైప్ సంగతి చూడండి. మైక్రోసాఫ్ట్ దాన్ని 2011లో 850 కోట్ల డాలర్లకు కొన్నది. మూస్తున్నామని 2025 ఫిబ్రవరి 28న ప్రకటించింది, మే 5న మూసేసింది. అరవై ఆరు రోజులు! సెకండ్ షిఫ్ట్ దిగి, అర్ధరాత్రి, గోళ్లల్ల నలుపు పోకముందే అమెరికాలో ఉన్న కొడుకు ముఖం చూసుకోవాలనుకునే తండ్రికి అలాంటి సాధనం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. వాట్సాప్ వచ్చాక చాలామంది అటు మళ్లారు, నిజమే. పాత సందేశాలు దించుకోనిచ్చారు, అదీ నిజమే. కానీ ‘మా ఇంకో యాప్ టీమ్స్‌కు మారండి’ అంటే మారగలిగే ముసలమ్మలు ఎందరు?

కొన్నవాళ్లు ఇలా మూసేయకుండా కొనేటప్పుడే షరతు పెట్టాలి. భారత్‌లో గణనీయంగా వ్యాపారమున్న సంస్థను 2,000 కోట్ల రూపాయలకు మించి కొంటే మీకు చెప్పాలన్న నిబంధన 2024 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మంచిదే. అయితే చిన్న యాప్‌లు ఆ జల్లెడలోంచి జారిపోతాయి. వాటికీ వర్తించేలా ఒక షరతు రాయించండి: మూసేందుకు ఏడాది ముందు నోటీసు, వాడుకున్నవాళ్ల రాతలు, ఫొటోలు ఎక్కడైనా తెరుచుకునే రూపంలో వాళ్ల చేతికి. మీ పరిధిలో లేదంటే కేంద్రానికి సిఫారసు చేయండి.

ఇట్లు,
ఒక బాయి కార్మికుని బిడ్డ,
గోదావరిఖని