పిల్లులూ కుక్కలూ – అదనూ పదునూ

ఆంగ్ల జాతీయాలను బోధించే చోట 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అన్నది తరచుగా వినవస్తుంది. కుండపోతగా వాన కురుస్తున్నదని దాని అర్థం. పడమటి కనుమల చాటున వర్షచ్ఛాయలో ఉండి, ఏటా సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే అనంతపురం పీఠభూమిలో సైతం విద్యార్థులు దీనిని వల్లె వేస్తున్నారు. వేయవలసినదే, పరభాష నేర్చేవారికి దాని నుడికారం తెలియాలి.

అయితే దీనికొక పుట్టుకథను కూడ జోడించి చెప్పడం కద్దు. పూర్వం ఇంగ్లండులో పిల్లులూ కుక్కలూ ఇండ్లమీది గడ్డికప్పులలో పడుకొనేవట. పెద్దవాన కురిస్తే జారి క్రింద పడేవట! కథ ఇంపుగానే ఉన్నది గాని, దానికి ఆధారం లేదు. 1651లో వెలువడిన హెన్రీ వాన్ కవితలలోనే కుక్కలూ పిల్లులూ జల్లుగా కురియడమన్న మాట కనబడుతుంది. జొనాథన్ స్విఫ్ట్ 1738లో ప్రకటించిన సంభాషణల గ్రంథంలో అది నేటి రూపం ధరించింది. అసలా పోలిక ఎట్లు పుట్టినదో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. పుట్టిన నాడు ఎవరూ వ్రాసి ఉంచలేదు. ఆ ఖాళీని కట్టుకథలు నింపినవి.

మనకు ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. 'అదనూ పదునూ చూచి మాట్లాడు' అంటాము. అదను అంటే తగిన తరుణం. పదును అంటే వాన వెలిసిన తరువాత నేలలో నిలిచే, విత్తుకు చాలినంత తడి. అదను దాటిన తరువాత పదునైనా, పదును లేని అదనైనా వేరుశనగ రైతుకు నిష్ఫలమే. ఎర్రనేలమీద, వానకోసం మొగమెత్తి చూచిన కళ్లకు ఈ మాటలోని బరువు తెలుసు. కాని సేద్యం వదలి కుటుంబాలు బెంగుళూరు దారి పడుతున్న ఈ రోజులలో, పదును అంటే కత్తికి పెట్టేదేనని ఎరిగిన పిల్లలు పెరుగుతున్నారు. ఇంకొక తరం గడిస్తే ఈ జాతీయానికీ ఎవరో ఒక గడ్డికప్పు కథ అల్లవచ్చును.

కావున ఉపాధ్యాయ మిత్రులకొక విన్నపం. ఆంగ్ల జాతీయం నేర్పిన నాడే, ఇంట్లో అవ్వాతాతల నోట వినే మాట ఒకదానిని అర్థంతో, సందర్భంతో వ్రాసుకొని రమ్మని పిల్లలకు చెప్పండి. ఊరిపేరు, తేదీ కూడ వేయించండి. తెలియని పుట్టుకను తెలియదనే చెప్పండి. చెప్పగలవారు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. అడగడానికి ఇదే అదను.