అతిథికి దారి చూపేవారు

పిల్లలూ!

మన పటేల్‌గూడకు పటాన్‌చెరు ఎంతో దూరం లేదు. అక్కడ 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ అనే పరిశోధనాలయం ఉన్నది. వానలు తక్కువగా కురిసే మెట్ట నేలలలో పండే జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ పంటలను మెరుగుపరచడం దాని పని. అనేక దేశాల నుంచి సేకరించిన లక్షకు పైగా విత్తన రకాలను అక్కడ చల్లని గదులలో భద్రపరచారు. విత్తనాలు వచ్చినట్లే మనుషులు కూడా వచ్చారు. దూర దేశాల శాస్త్రజ్ఞులు కొందరు కొన్ని నెలలూ, కొందరు కొన్ని ఏళ్ళూ ఇక్కడ ఉండి పనిచేస్తూ ఉంటారు.

అటువంటి వారిలో ఒకరు, ఆఫ్రికాలోని నైజర్ దేశస్థుడు అనుకుందాం, సెలవునాడు ఇద్దరు మిత్రులను వెంటబెట్టుకొని మీ ఇంటికి వచ్చారు. "ఈ నగరంలో వింతలేమున్నాయి? మంచి తిండి ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు. మీ నాన్నగారు మిమ్మల్ని కూడా వెంట రమ్మన్నారు. అప్పుడు అతిథి అడిగే ప్రశ్నలకు మీరేం చెబుతారు? ఈ నెల ఆ సంగతి చూద్దాం.

ముందు గోల్కొండకు వెళ్ళండి. ఫతే దర్వాజా కప్పు కింద నిలబడి చప్పట్లు కొడితే, సుమారు కిలోమీటరు దూరాన కొండ కొసన ఉన్న బాలా హిస్సార్ మంటపంలో వినిపిస్తుంది. అతిథి కొండ ఎక్కుతారు. మిత్రులు కింద నిలబడి చప్పట్లు కొడతారు. దిగి రాగానే ఆయన "ఇది ఎట్లా సాధ్యం?" అంటారు. "మా పూర్వులు గొప్పవారు" అని ఊరుకుంటే అది జవాబు కాదు. మామూలుగా చప్పుడు అన్ని దిక్కులకూ చెదరిపోతుంది. అందుచేతనే దూరం వెళ్ళేకొద్దీ సన్నగిల్లుతుంది. ఇక్కడ వంపు తిరిగిన కప్పు ఉన్నది. చప్పుడు దానికి తగిలి, చెదరకుండా ఒక వైపుకు మళ్ళుతుంది. చెవి వెనుక అరచెయ్యి దొప్పలాగా పెట్టి వినండి. దూరపు మాట కాస్త స్పష్టంగా వినిపిస్తుంది. వంపు చేసే ఉపకారం అదే.

అక్కడే ఎవరో ఒకరు "ఈ కోట నుంచి చార్మినారుకు సొరంగం ఉన్నది" అంటారు. అది కూడా అతిథికి చెప్పండి. కాని "అని జనం చెప్పుకుంటారు" అన్న మాట చేర్చి చెప్పండి.

ఇంత చిన్న మాటకు అంత పట్టింపు ఎందుకంటారా? 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గోల్కొండ రాజ్యానికి వచ్చాడు. వజ్రాల గనులు చూశాడు, ఇక్కడివారిని అడిగి ఎన్నో సంగతులు తెలుసుకున్నాడు. 1676లో ఆయన ప్రయాణాల పుస్తకం అచ్చయింది. ఆనాటి గనులను గురించి తెలుసుకోవాలంటే చరిత్రకారులు ఈనాటికీ ఆ పుస్తకం తెరుస్తారు. చూచారా! అతిథి తన ఊరికి తీసుకుపోయే మాట మూడు వందల ఏళ్ళు బ్రతకవచ్చు. మన అతిథి కూడా ఇంటికి ఉత్తరం వ్రాస్తారు, తన పిల్లలకు కథలు చెబుతారు. ఆ మాటలలో నిజమెంత ఉంటుందన్నది మీ మీద ఆధారపడి ఉన్నది.

మరొక ఆదివారం పాతబస్తీకి బయలుదేరండి. మియాపూర్‌లో మెట్రో రైలు ఎక్కితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగవచ్చు. అక్కడికి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. లోపల ఒక గడియారం ఉన్నది. గంట గంటకూ గడ్డం మనిషి బొమ్మ ఒకటి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతుంది. పన్నెండు కొట్టేది చూడటానికి జనం ముందుగానే చేరి కూర్చుంటారు. ఇంకొక చోట ఒకే మానులో రెండు బొమ్మలు చెక్కారు. ముందు నుంచి చూస్తే గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం. వెనుక ఉన్న అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా అనే పడుచు. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మను చూస్తే, రాయి పలుచని బట్టలాగా ఎట్లా కనిపిస్తుందని ఆశ్చర్యం వేస్తుంది. దానిని ఇటలీ శిల్పి బెంజోని చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో కొన్నాడు.

బహదూర్‌పురాలో, జంతుప్రదర్శనశాలకు దగ్గరలో సుధా కార్ల మ్యూజియం ఉన్నది. అక్కడ బూటు ఆకారంలో కారు, క్రికెట్ బంతి ఆకారంలో కారు, పుస్తకం ఆకారంలో కారు! ఇవన్నీ నడుస్తాయి కూడా. వీటిని తయారుచేసిన సుధాకర్ యాదవ్ 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ రికార్డు సాధించారు. నాలుగు అంతస్తుల మేడంత ఎత్తు అన్నమాట!

చార్మినారు దగ్గర "దీన్ని ఎందుకు కట్టారు?" అన్న ప్రశ్న తప్పదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడన్నది నిశ్చయం. మహమ్మారి తగ్గినందుకని కొందరూ, హిజరీ వెయ్యవ సంవత్సరం వచ్చినందుకని కొందరూ అంటారు. రెండూ చెప్పండి.

ఇప్పటికి అందరికీ ఆకలి వేస్తుంది. ఇరానీ హోటల్‌లో కూర్చోండి. పాలు ఒక గిన్నెలో చిక్కగా కాచి, డికాషన్ వేరొక గిన్నెలో మూతపెట్టి చాలాసేపు మరగించి, కప్పులో రెండూ కలుపుతారు. అదే ఇరానీ చాయ్. ఈ హోటళ్ళు మొదలుపెట్టినవారు ఇరాను నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు.

బిర్యానీతో మిర్చీ కా సాలన్ వడ్డిస్తారు. అందులోని మిరపకాయ, వేరుసెనగ రెండూ అమెరికా ఖండాలలో పుట్టినవే. మరునాడు మీ ఇంట్లో అమ్మ సజ్జరొట్టె, జొన్నరొట్టె చేసి కందిపప్పుతో పెడితే అతిథి ముఖం చూడండి. సజ్జ, జొన్న ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్ళ కిందట మన దేశానికి వచ్చాయి. నైజర్‌లో సజ్జ ముఖ్యమైన ఆహారం. కంది మాత్రం మన దేశంలో పుట్టి ఆఫ్రికాకు వెళ్ళింది. మీ ఇంటి పళ్ళెంలో ఆయనకు సొంత ఊరి తిండి కనిపిస్తుంది.

ఇక మర్యాద సంగతి. కొత్త మనిషి కనబడగానే గుంపుగా చుట్టుముట్టకూడదు. అడగకుండా ఫోటో తీయకూడదు. ఆయన జుట్టును గురించీ, రంగును గురించీ నవ్వుకోకూడదు. భాష తెలియకపోయినా నవ్వు తెలుస్తుంది. గోల్కొండలో విదేశీయులకు టిక్కెట్టు ధర ఎక్కువ. అది ప్రభుత్వం పెట్టిన ధర. అది చూచి ఆటోవాడు, గాజుల దుకాణంవాడు కూడా రెట్టింపు అడిగితే, "వీరు మా అతిథులు" అని నాన్నగారు చెప్పవలసి వస్తుంది. తలిదండ్రులు అటువంటప్పుడు మాట్లాడితే పిల్లలు చూచి నేర్చుకుంటారు.

ఈ నెల మీకొక పని. మనకు దగ్గరలో ఉన్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడికి ఎన్నో రకాల పక్షులు వస్తాయి. అతిథి వేలు చూపించి "ఆ పక్షి పేరేమిటి?" అంటే ఏం చెబుతారు? పెద్దలతో వెళ్ళి, అయిదు పక్షులను చూచి, వాటి తెలుగు పేర్లు తెలుసుకొని నోటు పుస్తకంలో వ్రాసుకోండి. తెలియని పక్షి కనబడితే పేరు కల్పించి చెప్పవద్దు. "తెలియదు, కనుక్కొని చెబుతాను" అనండి. కనుక్కొని చెప్పండి కూడా.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.