ఒకే దేశం – రెండు పన్నులు

రాజు ప్రజలనుండి పన్ను గ్రహించడాన్ని, సూర్యుడు నేలనుండి నీటిని గ్రహించి వర్షరూపంలో తిరిగి ఇవ్వడంతో పోల్చడం మన కావ్యాలలో పరిపాటి. ఆ పోలికలో ఒక ధర్మం ఇమిడి ఉన్నది. ఎంత తీసుకున్నారన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఎవరు తీసుకున్నారు, ఎవరికి తిరిగి ఇచ్చారు అన్నవి కూడ ప్రశ్నలే. ఒకే దేశంలో ఇరుగుపొరుగు ప్రాంతాలవారు వేర్వేరు రేట్లలో ఆదాయపు పన్ను చెల్లించడం న్యాయమా అని విచారించేటప్పుడు ఈ మూడింటినీ కలిపి చూడవలసి ఉంటుంది.

ఇందుకు బ్రిటన్ చక్కని దృష్టాంతం. 1997లో స్కాట్లండు ప్రజలను రెండు ప్రశ్నలు అడిగారు. తమకు ప్రత్యేక పార్లమెంటు కావలెనా? దానికి పన్ను రేటును మార్చే అధికారం ఉండవలెనా? రెండవ ప్రశ్నకు సైతం 63 శాతానికి పైగా ఓటర్లు ఔనన్నారు. ఆనాడు లభించిన అధికారం పౌనుకు మూడు పెన్నీల హెచ్చుతగ్గు మాత్రమే. దానిని ఏనాడూ వినియోగించలేదు. 2016 నాటి చట్టంతో అధికారం విస్తరించింది. 2018నుండి స్కాట్లండు తన సొంత పన్ను అంతస్తులను ఏర్పరచుకొన్నది.

2024-25 సంవత్సరపు లెక్క చూడండి. ఏడాదికి 20,000 పౌన్ల వేతనంగల స్కాట్లండువాసి, అంతే వేతనంగల ఇంగ్లండువాసికంటె సుమారు 23 పౌన్లు తక్కువ చెల్లించాడు. 30,000 పౌన్ల వేతనం మీద 11 పౌన్లు ఎక్కువ. 50,000 మీద 1,542 పౌన్లు ఎక్కువ. ఈ పన్నుకు ఆధారం నివాసమే గాని పనిచేసే చోటు కాదు. కనుక ఇంగ్లండులోని కార్లైల్ పట్టణంలో ఒకే కార్యాలయంలో, ఒకే హోదాలో పనిచేసే ఇద్దరిలో ఒకరు సరిహద్దుకు అవతల గ్రెట్నాలో కాపురముంటే, వారిద్దరి చేతికి వచ్చే జీతాలు వేరు.

ఇది అన్యాయమని కొందరంటారు. పైచూపుకు నిజమే. కాని అదే సంవత్సరంలో ఇంగ్లండు విద్యార్థి విశ్వవిద్యాలయ బోధనారుసుము క్రింద 9,250 పౌన్ల వరకు భరించవలసి ఉండగా, స్కాట్లండులో చదివే స్థానిక విద్యార్థికి మొదటి డిగ్రీ ఉచితం. కళాశాలలో చదువుకొంటున్న మనకు ఈ తేడా విలువ వేరే చెప్పనక్కరలేదు. పన్ను రేటు ఒక్కటే చూచి న్యాయాన్యాయాలు తేల్చడం, త్రాసులో ఒక సిబ్బెనే చూచి తూకం చెప్పడం వంటిది.

అయినా ఆ విధానంలో లోపం లేదనలేము. వేతనంపై పన్ను స్కాట్లండుది. కంపెనీ వాటాల మీది లాభాంశంపై, పొదుపు వడ్డీపై పన్ను బ్రిటిష్ ప్రభుత్వానిది. తన కంపెనీ నుండి జీతానికి బదులు లాభాంశం తీసుకోగలవాడు హెచ్చు రేటును తప్పించుకోగలడు. ఉపాధ్యాయునికి, నర్సుకు ఆ వెసులుబాటు లేదు. సగం అధికారమిస్తే భారం జీతగాని మీదనే పడుతుందనడానికి ఇది నిదర్శనం.

మరి మన మాట ఏమి? మన రాజ్యాంగం ప్రకారం వ్యవసాయేతర ఆదాయంపై పన్ను కేంద్రానిదే. మన రాష్ట్రాలకు స్కాట్లండు వంటి అధికారం ఇవ్వాలని నేను కోరను. మహానగరాలున్న రాష్ట్రానికి ఆదాయం పొంగి పొరలుతుంది. లేని రాష్ట్రం రేటెంత పెంచినా ఖజానా నిండదు. కేంద్రం వసూలు చేసి ఆర్థిక సంఘం సిఫారసుపై పంచడమే బీద రాష్ట్రాలకు రక్ష.

కాని రాష్ట్రాల చేతిలో ఉన్న వృత్తిపన్ను మాటేమిటి? రాజ్యాంగంలోని 276వ అధికరణం దానికి ఏడాదికి 2,500 రూపాయల పరిమితి విధించింది. 1988లో నిర్ణయించిన హద్దు అది. ఫలితంగా ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను నెలకు 20,000 దాటి కొద్దిగా సంపాదించే గుమాస్తా 200 రూపాయలు కడుతుంటే, రెండు లక్షల జీతగాడూ ఆ 200 రూపాయలే కడుతున్నాడు. ఇరుగుపొరుగు రాష్ట్రాలలో రేటు సమానమే. సమన్యాయం మాత్రం రెంటిలోను లేదు.

ఈ పరిమితిని సడలించి, చిన్న జీతగాని భారం తగ్గించి, పెద్ద జీతగాని వాటా పెంచే వీలు రాష్ట్రాలకు కలిగించాలి. అలా వచ్చిన సొమ్ము ఏ బడికి, ఏ వైద్యశాలకు వెచ్చించారో ఏటేటా ప్రజలకు తెలుపాలి. స్కాట్లండునుండి మనం నేర్వవలసింది రేట్ల పట్టిక కాదు. తీసుకొన్న చెయ్యి ఇచ్చినవానికి కనిపించాలి, లెక్క చెప్పాలి. ఆకాశానికెక్కిన నీరు ఏ చేనిలో కురిసిందో తెలిసిననాడు, పన్ను కట్టడానికి ఏ పౌరుడూ వెనుదీయడు.