రాత్రంతా లైట్లు, ఫోన్ వెలుగు.. పేగుల్లో గడబిడ.. మగవారి సంతాన సామర్థ్యానికి ముప్పేనా?

పెళ్లై ఏళ్లు గడిచినా పిల్లలు పుట్టకపోతే మన ఇళ్లల్లో ముందు వేలెత్తి చూపేది కోడలినే. లెక్కలు మాత్రం మగవారూ టెస్ట్ చేయించుకోవాల్సిందే అంటున్నాయి. 53 దేశాల డేటాతో హగాయ్ లెవిన్ బృందం 2022లో ఇచ్చిన విశ్లేషణ ప్రకారం.. 1973-2018 మధ్య శుక్రకణాల సాంద్రత మిల్లీలీటరుకు 10.1 కోట్ల నుంచి 4.9 కోట్లకు పడిపోయింది. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే కనీస ప్రమాణం 1.6 కోట్లు. అంటే సగటు ఇంకా సేఫ్ జోన్‌లోనే ఉంది, కానీ దిగుతున్న తీరే కంగారు పెడుతోంది.

ఊబకాయం, పొగ, మద్యం ఎప్పటి నుంచో తెలిసిన కారణాలే. ఇప్పుడు అనుమానం మరో రెండింటి మీద పడింది. ఒకటి రాత్రి వెలుగు, రెండోది పేగుల్లోని బ్యాక్టీరియా.

వెలుగుకు, పేగుకు లింకేంటి?

చీకటి పడితే మెదడు మెలటోనిన్ హార్మోన్ విడుదల చేస్తుంది. ఫోన్, ఎల్ఈడీల నుంచి వచ్చే నీలి వెలుగు దాన్ని అడ్డుకుంటుంది. దీంతో బాడీ క్లాక్ తప్పుతుంది. పేగు బ్యాక్టీరియాకూ పగలు, రాత్రి లయ ఉంటుందని, ఆ క్లాక్ చెడితే అదీ చెదురుతుందని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ 2014లో తేల్చింది.

ఇక 2020లో ‘గట్’ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం మరో అడుగు ముందుకేసింది. కొవ్వు ఎక్కువున్న ఆహారం తిన్న ఎలుకల పేగు బ్యాక్టీరియాను మామూలు ఎలుకలకు ఎక్కించారు. వాటిలో శుక్రకణాల తయారీ, కదలిక రెండూ దెబ్బతిన్నాయి. పేగు గోడ బలహీనపడి విషపదార్థాలు రక్తంలోకి చేరడం, వాపు రావడం ఇందుకు కారణమని భావిస్తున్నారు.

మనుషుల్లో రుజువైందా?

పూర్తిగా కాలేదు. షికాగో యూనివర్సిటీ 2011లో 10 మంది యువకులను వారం పాటు రోజుకు 5 గంటలే నిద్రపోనిచ్చింది. టెస్టోస్టిరాన్ 10-15 శాతం తగ్గింది. కానీ ఇది నిద్రలేమి ప్రభావం, వెలుగుది కాదు. వెలుగు, పేగు, వీర్యం.. మూడింటినీ కలిపే గొలుసులో ఒక్కో లింకుకు ఆధారముంది కానీ, మొత్తం గొలుసు మనుషుల్లో ఇంకా తేలలేదు. అందుకే ‘కౌంట్ పెంచే’ ప్రోబయోటిక్ ప్యాకెట్ల ప్రకటనలు చూసి డబ్బులు పోసుకోవద్దు.

మరి ఏం చేయాలి?

అమెరికా టైమింగ్స్‌లో పనిచేసే హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు షిఫ్ట్ మార్చుకోవడం చేతిలో ఉండదు. కానీ పగలు పడుకునే గది చీకటిగా ఉంచుకోవడం, పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టడం, పీచున్న ఆహారం, పెరుగు తినడం చేతిలోనే ఉన్నాయి. శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. కాబట్టి ఫలితం కోసం మూడు నెలలైనా ఆగాలి. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే దంపతులిద్దరూ కలిసే టెస్టులకు వెళ్లాలి. వీర్య పరీక్ష ఖర్చు తక్కువ, నొప్పి ఉండదు. అడ్డొచ్చేది మొహమాటమే!

గమనిక: ఇది అవగాహన కోసమే. ఏ సమస్య ఉన్నా డాక్టర్‌ను సంప్రదించాలి.