ఆఖరి మజిలీలో సేవ: గీటురాయి ఏది?

రోగిని పరామర్శించడానికి వెళ్ళినప్పుడు మనం సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తాము. ఏ ఆసుపత్రిలో చూపించారు? ఎంత ఖర్చయింది? డాక్టరుగారు ఏమన్నారు? ఈ మూడూ రోగి బంధువులను అడిగే ప్రశ్నలే. మంచం మీద ఉన్న మనిషి వైపు తిరిగి, ‘రాత్రి నిద్ర పట్టిందా?’ అని అడిగేవారు అరుదు.

ఆయాదత్, అంటే రోగిని పరామర్శించడం, ఒక ముస్లింపై మరొక ముస్లింకు గల హక్కు. హక్కు అన్న తర్వాత దాన్ని నెరవేర్చే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. ముఖ్యంగా ‘ఇక నయం కాదు, ఇంటికి తీసుకెళ్ళండి’ అని వైద్యులు చెప్పేసిన రోగుల విషయంలో మన అజ్ఞానం ఇంతా అంతా కాదు. ఈ మాట ఇతరులను ఉద్దేశించి అనడం లేదు. మా ఇంట్లో జరిగినదాన్ని బట్టే అంటున్నాము.

మా పెద్ద బావగారు కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నోటి క్యాన్సర్ వచ్చింది. హైదరాబాదులో చికిత్స జరిగింది. కొంతకాలం తర్వాత వ్యాధి తిరగబెట్టింది. అక్కడి డాక్టరుగారు మమ్మల్ని పక్కకు పిలిచి, ఇక వ్యాధిని తగ్గించలేమని, బాధను మాత్రం తగ్గించగలమని చెప్పి, మార్ఫిన్ మాత్రలు రాసిచ్చారు. మేము ఆ చీటీ చూసి కలవరపడ్డాము. ‘ఇది నల్లమందు నుంచి తీసేది కదా! ఆఖరి సమయంలో మనిషి మత్తులో ఉంటే కలిమా ఎలా చదువుతాడు?’ అని మేమే అన్నాము. మదరసాలో చదువుకున్నవాళ్ళమని ఇంట్లో అందరూ మా మాటకు విలువ ఇస్తారు. చీటీ జేబులోనే ఉండిపోయింది.

ఇంటి దగ్గర చూసుకోవడం కష్టమై, బావగారిని ఒక ప్రైవేటు సంరక్షణ కేంద్రంలో చేర్చాము. చేర్చే ముందు వెళ్ళి పరీక్షించాము కూడా. నేల అద్దంలా ఉంది. స్నానాల గదులు శుభ్రంగా ఉన్నాయి. నమాజు కోసం ఖిబ్లా గుర్తు పెట్టి ఉంది. మేనేజరు లేచి నిలబడి సలాం చేశాడు. ‘మాషాఅల్లాహ్, మంచి చోటు’ అనుకొని వెనక్కు వచ్చాము.

ఆయన అక్కడ పదిహేడు రాత్రులు ఉన్నారు. నొప్పి ఎక్కువయ్యేది రాత్రి పూటే. పిలిస్తే నర్సు వచ్చి, మామూలు తలనొప్పికి వేసే మాత్ర ఇచ్చి, ‘పొద్దున డాక్టరుగారు వస్తారు’ అని వెళ్ళిపోయేది. పక్క మంచం వాళ్ళకు నిద్రాభంగం కాకూడదని బావగారు దిండు అంచు పళ్ళ మధ్య బిగించి పడుకునేవారట. ఈ సంగతి జనాజా అయిన చాలా రోజులకు మా అక్కయ్య చెప్పింది. తెల్లటి గలీబుపై పంటి గాట్లు ఆమె చూసింది. నేల ఎంత నున్నగా ఉందో మేము చూశాము.

ఆ కేంద్రాన్ని మాత్రమే నిందించి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. వారి వద్ద ఆ మందు లేదు. మేమూ అడగలేదు. అసలు ఏమి అడగాలో మాకు తెలియదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

నయం కాని జబ్బుతో ఉన్నవారికి బాధ లేకుండా చేసే వైద్యాన్ని పాలియేటివ్ కేర్, ఉపశమన సేవ అంటున్నారు. ఆఖరి రోజుల్లో ఆ సేవ అందించే నిలయమే హాస్పిస్. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అనే మహిళ నర్సుగా, సాంఘిక సేవకురాలిగా పనిచేసి, ఆ తర్వాత డాక్టరు చదివి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. మరణశయ్య మీద ఉన్న మనిషి వేదన ఒక్క శరీరానిదే కాదని, మనస్సుదీ, కుటుంబానిదీ, ఆత్మదీ కలిసిన వేదన అని ఆమె వైద్యలోకానికి బోధించారు. మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో బొంబాయిలో వెలసింది. 1993లో కేరళలోని కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు ప్రారంభించిన సంఘం ఈ సేవను రోగుల ఇళ్ళకే తీసుకుపోయింది. అక్కడ సామాన్య ప్రజలే కార్యకర్తలయ్యారు.

మన దగ్గర హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ 2011 నుంచి ఉచితంగా సేవ చేస్తున్నది. రాష్ట్ర ప్రభుత్వం చేవెళ్ళలో మొదలుపెట్టిన కార్యక్రమాన్ని తర్వాత జిల్లాలకు విస్తరించింది. అందులో మన వరంగల్ కూడా ఉంది. ‘ఆలన’ పేరుతో వాహనంలో నర్సులు ఇళ్ళకు వెళ్ళి మంచాన పడినవారిని చూసే ఏర్పాటు కూడా చేశారు. ఈ సంగతి తెలియని కుటుంబాలు మండీ బజారులోనూ, శంభునిపేటలోనూ ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఐతే దేశం మొత్తం మీద పరిస్థితి సంతోషకరంగా లేదు. ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ అనే సంస్థ 2010లో 40 దేశాలలో ఆఖరి రోజుల సేవ ఎలా ఉందో పోల్చి చూసినప్పుడు మన దేశానికి నలభయ్యో స్థానం వచ్చింది. 2015లో 80 దేశాలలో 67వ స్థానం. సేవ కొరతగా ఉన్నచోట పేరు మాత్రం పెట్టుకున్న కేంద్రాలు కూడా పుట్టుకొస్తాయి. కనుక మంచి చెడ్డలు ఎంచుకునే బాధ్యత మన మీద ఉంది.

‘సేవ చేసేవాళ్ళను తనిఖీ చేయడమేమిటి? అది కృతఘ్నత కాదా?’ అని కొందరు పెద్దలు అనవచ్చు. మన చరిత్రను గుర్తు చేసుకుందాము. 1284లో కైరో నగరంలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్‌లో బీదా గొప్పా, ఆడా మగా భేదం లేకుండా ఉచితంగా వైద్యం చేసేవారు. ఆ కాలపు ముస్లిం నగరాలలో ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తూకాలను తనిఖీ చేసినట్లే వైద్యుల పనిని కూడా తనిఖీ చేసేవాడు. సరుకు తూకంలో మోసాన్ని సహించని సమాజం, ప్రాణంతో ఉన్న మనిషి బాధ తూకంలో మోసాన్ని ఎలా సహిస్తుంది?

అందుచేత మీ తల్లినో తండ్రినో ఒక కేంద్రానికి అప్పగించే ముందు, లేక ఒక బృందాన్ని ఇంటికి పిలిచే ముందు, ఈ ప్రశ్నలు అడగండి.

మొదటిది నొప్పి గురించి. రోగి నొప్పి ఎంత ఉందో రోజూ అడిగి రాసుకుంటారా? సున్నా నుంచి పది వరకు అంకెలు చెప్పి, ‘మీ నొప్పి ఏ అంకె దగ్గర ఉంది?’ అని అడగడం తెలిసిన చోట ఈ పద్ధతి ఉంటుంది. మందు ఇచ్చిన తర్వాత మళ్ళీ అడుగుతారా? నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ వారి దగ్గర నిలవ ఉందా? లేకపోతే తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి వారు ఏమి చేయగలరు? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మూలంగా ఆసుపత్రులు ఈ మందు పెట్టుకోవడానికే భయపడేవి. 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థకు అనేక లైసెన్సుల బెడద లేకుండా చేశారు. కనుక ‘చట్టం ఒప్పుకోదు’ అనే జవాబు ఇప్పుడు చెల్లదు.

రెండవది రాత్రి గురించి. రాత్రి రెండు గంటలకు నొప్పి లేస్తే ఎవరు వస్తారు? ఫోను ఎవరు ఎత్తుతారు? మందు మోతాదు పెంచే అధికారం ఆ సమయంలో ఎవరికి ఉంది? పగలు చూపించే గదులను బట్టి నిర్ణయించకండి. వీలైతే ఇషా నమాజు తర్వాత ఒకసారి వెళ్ళి చూడండి.

మూడవది శిక్షణ గురించి. డాక్టరుగారు, నర్సు ఉపశమన సేవలో ప్రత్యేకంగా శిక్షణ పొందారా? ఎక్కడ పొందారు? ఎం.బి.బి.ఎస్. చదివిన ప్రతి ఒక్కరికీ ఈ విద్య వచ్చి ఉండదు.

నాలుగవది చిన్న పనుల గురించి. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతారా? వీపు మీద, పిరుదుల మీద పుండ్లు పడ్డాయేమో చూస్తారా? నోరు తడిపి శుభ్రం చేస్తారా? మార్ఫిన్ వాడితే మలబద్ధకం వస్తుంది. దానికి ముందే మందు ఇస్తారా? క్యాన్సర్ పుండు దుర్వాసన పోవడానికి మెట్రోనిడజోల్ మాత్రల పొడి చల్లే చౌకైన పద్ధతి ఒకటి ఉంది. అది తెలుసా? వాసన వల్ల మనుమలు దగ్గరకు రాని తాతకు ఆ పొడి ఎంత విలువైనదో ఆలోచించండి.

ఐదవది గౌరవం గురించి. స్త్రీలకు స్త్రీలే సేవ చేస్తారా? వుజూ చేయలేని రోగికి తయమ్ముమ్ కోసం శుభ్రమైన మట్టి ఇస్తారా? పడుకొని సైగలతో నమాజు చేసుకునే సమయంలో సూది పట్టుకొని రాకుండా ఆగుతారా? ఆఖరి ఘడియలలో పక్కన కూర్చొని కలిమా వినిపించడానికి కుటుంబాన్ని రానిస్తారా? ప్రాణం పోయిన తర్వాత బిల్లు పేరుతో మయ్యిత్‌ను ఆపుతారా? ఖర్చు ఎంతో ముందే కాగితం మీద రాసి ఇస్తారా? ఇక్కడ ఒక హెచ్చరిక. ఖిబ్లా గుర్తు, మేనేజరు సలాం చూసి మేము మోసపోయాము. అవి ఉండాలి. కాని మొదటి నాలుగు ప్రశ్నలకు అవి జవాబు కావు.

ఇక మార్ఫిన్ గురించి మా భయం ఎలా పోయిందో చెప్పాలి. బావగారు పోయిన రెండేళ్ళకు మా వీధిలో ఒక ఖాలాకు రొమ్ము క్యాన్సర్ ముదిరింది. ఇంటికి వచ్చే ఉపశమన బృందాన్ని వాళ్ళ అబ్బాయి పిలిచాడు. నర్సమ్మ వచ్చి కొడుకుతో మాట్లాడక ముందే మంచం పక్కన స్టూలు వేసుకొని, ‘అమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?’ అని అడిగింది. ఖాలా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్ని నెలల్లో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. నాలుగు గంటలకొక చిన్న మాత్ర ఇచ్చారు. మొదటి రెండు రోజులు కాస్త మగతగా ఉంది. తర్వాత తేలికపడి లేచి, దిండుకు ఆనుకొని కూర్చొని తస్బీహ్ తిప్పింది. కోడలి చేత తల దువ్వించుకుంది. ఎవరికి ఎంత బాకీ ఉందో చెప్పి తీర్పించింది. ఆఖరి రోజున ఆమె నోట కలిమా మేము తలుపు అవతల నిలబడి విన్నాము.

మా బావగారికి కలిమా చదివే స్పృహ మిగలాలని మేము మందు ఆపాము. ఆ నొప్పి ఆయనకు ఏ మాటనూ మిగల్చలేదు. మందు తీసుకున్న ఖాలా నోట ఆ మాట స్పష్టంగా వచ్చింది. మదరసాలో మేము చదువుకున్న ఫిఖ్‌లోనే అవసరం, నిస్సహాయత అనే అధ్యాయాలు ఉన్నాయి. మత్తు కోసం సేవించడం వేరు, వైద్యుని పర్యవేక్షణలో బాధ నివారణకు తీసుకోవడం వేరు. చదువుకున్న పాఠాన్ని అవసరమైన రోజున మరచిపోయాము. నొప్పికి కొలిచి ఇచ్చే మోతాదుతో రోగి వ్యసనపరుడు కావడం అరుదని వైద్యులు చెబుతున్నారు. సందేహం ఉన్నవారు తమ ఆలిమ్‌నూ, డాక్టరునూ ఇద్దరినీ అడగండి. మాలాగా ఎవరినీ అడగకుండా తీర్పు చెప్పకండి.

సబర్ గొప్ప గుణం, నిజమే. కాని సబర్ చేయవలసిన మనిషి తన బాధ విషయంలో చేయాలి. ఎదుటివాడి బాధ విషయంలో మనం సబర్ చేస్తే దానికి పేరు సబర్ కాదు, నిర్లక్ష్యం.

‘కన్నతండ్రిని హాస్పిస్‌లో వదిలేశాడంటారు’ అనే భయం కూడా చాలామందిలో ఉంది. తల్లిదండ్రుల సేవ పిల్లల మీద విధి. దాన్ని ఎవరూ కాదనరు. ఐతే గాయానికి కట్టు కట్టడం చేతకానప్పుడు చేతనైనవారిని పిలవడం ఆ విధిలో భాగమే. ఇంట్లోనే ఉంచుకోగలిగితే మంచిది. బృందాన్ని ఇంటికి పిలవండి. ఉంచుకోలేనప్పుడు మంచి కేంద్రంలో చేర్చి, రోజూ వెళ్ళి చేయి పట్టుకొని కూర్చోండి. అక్కడ వదిలి రావడమే పొరపాటు.

మస్జిద్ కమిటీలకు ఒక విన్నపం. జనాజా పెట్టె, గుస్ల్ బల్ల ప్రతి మస్జిద్‌లోనూ ఉన్నాయి. ప్రాణం పోయిన తర్వాతి ఏర్పాట్లు మనం ఎంతో శ్రద్ధగా చేసుకున్నాము. ప్రాణం ఉన్నప్పటి కోసం సదఖా సొమ్ముతో ఒక గాలి పరుపు, ఒక చక్రాల కుర్చీ కొని ఉంచలేమా? మహల్లాలో మంచాన పడినవారు ఎవరో రాసిపెట్టుకొని, వారానికొకసారి ఇద్దరు యువకులు, ఇద్దరు స్త్రీలు వెళ్ళి రాలేరా? కాలికట్‌లో సామాన్యులు చేసిన పని వరంగల్‌లో సామాన్యులకు అసాధ్యమా?

ఈ రోజు జుమా నమాజు తర్వాత మీకు తెలిసిన ఒక రోగి ఇంటికి వెళ్ళండి. డాక్టరు రిపోర్టు తర్వాత చూడవచ్చు. ముందు మంచం దగ్గర కూర్చొని, రాత్రి ఎలా గడిచిందో అడగండి. జవాబు బాగా లేకపోతే, అప్పటికి ఎంత మంచి పేరున్న చోట చికిత్స జరుగుతున్నా సరే, ఎందుకు బాగా లేదని బాధ్యులను అడగండి. మా బావగారి కోసం ఆ ప్రశ్న అడగలేకపోయాము. అల్లాహ్ ఆయనను కరుణించుగాక, మమ్మల్ని మన్నించుగాక. మీ ఇంటివారి కోసం మీరు అడగండి.