అంగడికి పోయొస్తానత్తా!

మా చిన్నవాడి పెళ్లయి ఏడాది కావస్తోంది. కోడలిది చిత్తూరు వైపు. ఏలూరులో మా ఇంటికి కాపురానికి వచ్చిన వారంలోనే ఒక సాయంత్రం సంచీ పుచ్చుకుని, "అంగడికి పోయొస్తానత్తా, చెనిక్కాయలు తేవాలా?" అంది. ఇంటిల్లిపాదీ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను, దాచడమెందుకు? మా ఇళ్లల్లో మనుషులు 'వెళ్లొస్తారు' గాని 'పోయిరారు'. అంగడిని కొట్టంటాం, చెనిక్కాయలను వేరుశనగకాయలంటాం.

ఆ తరువాత ఆ పిల్ల మా ఎదుట మాట్లాడడం తగ్గించేసింది. నెమ్మదైన కోడలు దొరికిందని మా ఆవిడ మురిసిపోయింది. పుట్టింటివాళ్లతో ఫోనులో ఆ నెమ్మదస్తురాలే గలగలా మాట్లాడడం నేను విన్నాను.

మొన్న శనివారం భీమడోలు మీదుగా అందరం ద్వారకా తిరుమల వెళ్లాం. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చునట. ఇక్కడి మొక్కు మాత్రం అక్కడ చెల్లదట. కోడలి పుట్టింటి మొక్కొకటి అలా మిగిలి ఉంది.

వరుసలో మా ముందు వరంగల్లు వైపువాళ్లు నిలబడ్డారు. వాళ్లలో పెద్దావిడ, "రేపు మా ఊళ్లె అంగడి" అంటూ ఏదో చెబుతోంది. మా కోడలు తటాలున తలెత్తి, "మీరూ అంగడే అంటారామ్మా?" అంది.

"అంగడి అనక ఇంకేమంటరు బిడ్డా? వారానికొక్కసారి అయితది."

ఆవిడకు అంగడంటే సంత, మా పిల్లకు దుకాణం. ఆ తేడా తెలిసి ఇద్దరూ నవ్వుకున్నారు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు, అదీ సంగతి. దర్శనమయ్యేదాకా వాళ్ల మాటలు ఆగలేదు. ఏడాదిగా ఆ పిల్ల నోట అన్ని మాటలు నేను విని ఎరగను.

తమిళులకూ కన్నడిగులకూ కూడా అది అంగడే. అంత మేర పరుచుకున్న పాతమాటను పట్టుకుని మేం నవ్వామన్నమాట!

మాటలకు కూడా పొలిమేరలుంటాయి. అయితే అన్ని మాటలకూ ఒకే పొలిమేర ఉండదు. మా ఆనపకాయ గుంటూరు వెళితే సొరకాయ అవుతుంది. నాగలి మాత్రం అక్కడా నాగలే, రాయలసీమకు వెళితేగాని మడక కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటి మాటలు జిల్లాల వారీగా పోగుచేయించి, 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంగా వెలువరించారు. తెలుగునేలను నాలుగు మండలాలు చేసి, మా గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాలను మధ్యమండలమన్నారు. మధ్య అంటే మేలని కాదు సుమా!

మరి మా మాటకు ఈ పెద్దరికం ఎలా వచ్చింది? నన్నడిగితే కాలువల వల్లనంటాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. పంటలు పండాయి, డబ్బు వచ్చింది, పిల్లలు చదువుకున్నారు. ఆ చదువుకున్నవాళ్లే ఎక్కువమంది పత్రికలు నడిపారు, పాఠాలు రాశారు, సినిమాలు తీశారు. దాంతో మాది భాష అయింది, తక్కినవాళ్లది యాస అయింది. నీళ్లు మరో జిల్లాకు ముందుగా పారి ఉంటే, ఈపాటికి మా ఆవిడే అంగడికి పోయొచ్చేది కాబోలు.

ద్వారకా తిరుమల నుంచి ఇంకా పైకి, జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం వైపు వెళితే, ఇళ్లలో కోయభాష మాట్లాడుకునేవాళ్లున్నారు. అది తెలుగులో యాస కాదు, గోండికి దగ్గర చుట్టమైన వేరే భాష. సంతకు వస్తే వాళ్లు మనతో తెలుగు మాట్లాడతారు. వాళ్లకు ఉప్పూ పప్పూ అమ్మే మనవాళ్లలో కోయ వచ్చినవాళ్లెందరు? చిన్న తిరుపతి మొక్కులాగే ఇదీ ఒకవైపు దారే. రెండు భాషలు మోసే బరువు ఎప్పుడూ కొద్దిమందిగా ఉన్నవాళ్ల నెత్తినే పడుతుంది. మా ఇంట్లో ఆ కొద్దిమందీ ఒక్కతే, మా కోడలు.

ఈ మాటలన్నీ మా ఆవిడకు చెప్పాను. ఏమీ అనకుండా విన్నది. నిన్న సాయంత్రం తానే సంచీ అందిస్తూ, "అంగడికేనా అమ్మాయ్?" అంది.

"కొట్టుకి వెళ్లొస్తానత్తయ్యా" అంది కోడలు. ఎప్పుడు నేర్చేసిందో!

ఆ పిల్ల గుమ్మం దాటకముందే నేను గబగబా వీధరుగు మీదికి వచ్చి, "అమ్మా, నాకు అరకిలో చెనిక్కాయలు!" అని కేకేశాను.